గడపకు వచ్చు టపా

కొంతకాలము నుండి మేము అంతర్జాలమున నొక బ్లాగు వ్రాయుచున్నామని మా విద్యార్థులును, వారి తల్లిదండ్రులలో కొందఱును ఎఱుగుదురు. కర్నూలు, కడప సీమల పల్లెలలో వాడుకనుండి జాఱిపోవుచున్న మాటలను, సేద్యపు పనిముట్ల పేరులను, వానల పేరులను అందు వ్రాసి యుంచుచున్నాము. అది గొప్ప రచన యని మేమనుకొనుట లేదు. నెలకు రెండో మూడో వ్రాతలు. ఒక్కొక్కటి రెండు పుటలకు మించదు. అయినను ఈ పనిలో దిగినది మొదలు మమ్ము పలువురు అడుగుచున్న ప్రశ్న వ్రాయుటను గూర్చి కాక చదువుటను గూర్చి యగుట మాకు వింతగా నున్నది. "ఇన్ని సైటులు కలవు గదా, ఎవరు ఎప్పుడు ఏమి వ్రాసిరో మీకెట్లు తెలియుచున్నది? దినమంతయు కంప్యూటరు ముందే కూర్చుందురా?" అని యడుగుదురు. కూర్చుండము. ఉదయము ప్రార్థన గంటకు ముందు ఇరువది నిమిషములు చాలును. అది యెట్లో చెప్పుటకు సంపాదకవర్గమువారు దయతో ఈ సంచికలో చోటిచ్చిరి.

క్రొత్తగా వ్రాయ మొదలిడిన వానికి వచ్చు మొదటి చిక్కు ఇది. తనకు ప్రియమైన రచయితలు పది పండ్రెండుగు రుందురు. వారిలో నొకరు వారమున కొకమాఱు వ్రాయుదురు. ఒకరు పండుగకు పబ్బమునకు వ్రాయుదురు. మఱియొకరు ఆఱు నెలలు మౌనముగా నుండి యొక్క వారములో మూడు వ్యాసములు ప్రకటింతురు. ప్రతిదినము పండ్రెం డిండ్ల తలుపులు తట్టి, "క్రొత్త దేమైన గలదా" యని యడిగి, వట్టిచేతులతో మరలుట యెవరికి సాగును? నాలుగు దినములు తట్టుదురు, ఐదవనాడు మానుదురు. మానినందువలన తఱచుగా వ్రాయువారికి వచ్చిన లోటేమియు లేదు. వారి పేరు ఎట్లును నలుగురి నోట వినబడుచునే యుండును. అరుదుగా వ్రాయువారే కనుమఱు గగుదురు. మా యనుభవమున మంచి వ్రాత పెక్కుమాఱులు ఆ యరుదుగా వ్రాయువారి యొద్దనే దొరకినది. ఈ మాటను చదువరులు గుఱుతుంచుకొన వేడెదము. ముందు దీనితో పని గలదు.

చిక్కు పాతదే. మా తాతగారు జమ్మలమడుగు తాలూకాలో నొక మెట్ట పల్లెటూర సేద్యము చేసికొనుచు 'భారతి' మాసపత్రికకు చందాదారులై యుండిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924 లో మదరాసున స్థాపించిన ఆ పత్రిక 1991 వఱకు నడచినది. క్రొత్త సంచిక వచ్చినదా యని చూచుటకు మా తాతగారు ఏనాడును మదరాసు పోలేదు. ఏటికొకమాఱు చందా కట్టిరి. సంచిక తనంతట తాను ముద్దనూరు స్టేషనులో రైలు దిగి, టపావాని సంచిలో ఊరు చేరి, వారి గడపమీద పడుచుండెను. ఒక నెల రాకున్నచో ఏమయ్యెనో యని యొక కార్డు వ్రాయుచుండిరట. వెలువడుట ఆలస్యమైనను వారికి దిగులు లేదు, వెలువడిననాడు వచ్చును. చందా యను మాటలోని సుఖమంతయు నిదియే. కడప యను పేరు గడప యను మాటనుండియే, తిరుమల దేవుని వాకిటి గడప యను అర్థమున, వచ్చినదని మా పెద్దలు చెప్పుదురు. గడపకు వచ్చు వస్తువుమీద మా సీమవారికి మమకార మెక్కువ యగుట కిదియు నొక కారణము కావచ్చును.

అంతర్జాలమున అట్టి చందాకే ఫీడు అని పేరు. డబ్బు కట్ట నక్కఱలేదు. పేరును, ఫోను సంఖ్యను ఆ సైటువారికి చెప్ప నక్కఱలేదు. అది పని చేయు విధ మిట్లుండును. ఒక సైటు నడుపువారు తమ వ్రాతలను మనము చూచు పుటలుగా నుంచుటయే గాక, వానితోపాటు ఒక చిన్న జాబితాను వేఱొక చిరునామాలో నుంచుదురు. బొమ్మలు, రంగులు, ప్రకటనలు ఏమియు లేని జాబితా యది. కడపటి పదియో ఇరువదియైదో వ్రాతల శీర్షికలు, ప్రకటించిన తేదీ, గంట, పూర్తి పుటయొక్క చిరునామా, దానితోపాటు వ్రాతయొక్క సారాంశమో పూర్తి పాఠమో అందు వరుసగా నుండును. క్రొత్త వ్రాత ప్రకటించినంతనే అది జాబితా పైకి చేరును. అడుగున నున్న పాతది తొలగును. మన కంప్యూటరులోగాని ఫోనులోగాని ఫీడులు చదువు సాధన మొకటి పెట్టుకొని, మనకు ప్రియమైన సైటుల ఫీడు చిరునామాలను దానికిచ్చినచో, అది గంటకో రెండు గంటలకో ఒకమాఱు ఆ జాబితాల నన్నిటిని చూచివచ్చును. క్రొత్త దున్న తెచ్చి మనముందుంచును, లేకున్న ఊరకుండును. ప్రతి వ్రాతకును ఒక గుఱుతు ఉండుటచే చదివినదానిని క్రొత్తదని మరల తెచ్చి విసిగింపదు. ఇంతకు మించి ఇందు రహస్యము లేదు.

వర్డ్‌ప్రెస్, బ్లాగర్ అను సాధనములపై నడచు సైటులకు ఈ ఫీడు తనంతట తానే యేర్పడుచుండును. పెక్కుమంది బ్లాగరులకు తమ సైటునకు ఫీడు గలదనియే తెలియదు. మాకును ఒక బాలుడు చెప్పువఱకు తెలియదు. నారింజరంగు చదరములో నొక తెల్లని చుక్కయు, దాని మీదుగా రెండు వంపు గీతలును గల గుర్తు ఎచ్చట కనబడిన అచ్చట ఫీడు కలదని యెఱుగవలెను. గుర్తు కనబడకున్నను నిరాశ పడవలదు. చదువు సాధనములలో పెక్కులు, సైటు చిరునామా నొక్కదాని నిచ్చినంతనే ఫీడు ఎచ్చట నున్నదో తామే వెదకికొనును.

దీని పుట్టుకను గూర్చి బాలురకు నచ్చు సంగతి యొకటి కలదు. ఆర్.ఎస్.ఎస్. అను ఈ పద్ధతిని 1999 మార్చిలో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థవారు మొదట తెచ్చిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరులో వెలువడిన దాని 1.0 కూర్పును సిద్ధపఱచిన వారి పట్టికలో ఆరన్ స్వార్ట్జ్ అను పేరు కలదు. అప్పటికి అతనికి 14 ఏండ్లు. మా తొమ్మిదవ తరగతివారి యీడు. తక్కినవారు పెద్దలు. పిమ్మట 2002 లో డేవ్ వైనర్ అనునాయన 2.0 కూర్పును ప్రకటించెను. 2005 లో ఆటమ్ అను మఱియొక పద్ధతి ప్రమాణముగా వెలువడెను. ఈ కూర్పుల పక్షములవారు ఒకరితో నొకరు చాల వాదులాడుకొనిరి గాని, చదువు సాధనములు రెంటిని సమానముగా చదువుటచే ఆ తగవుతో మనకు పని లేదు.

తెలుగువారి చేతిలో ఈ ఫీడులు చేసిన మేలు మాత్రము విశేషముగా చెప్పదగినది. 2006 లో వీవెన్ అను పేరుతో వ్రాయువారు 'లేఖిని' యను సాధనమును నిర్మించిరి. ఇంగ్లీషు మీటలపై వ్రాసినను తెలుగు లిపి కనబడునట్లు చేయునది యది. అప్పటివఱకు తెలుగున వ్రాయవలెనని కోరికయున్నను మార్గము తెలియక యూరకున్న వందలమంది దానివలన వ్రాయ మొదలిడిరి. వారే 'కూడలి' యను సైటును గూడ నెలకొల్పిరి. నాలుగు త్రోవలు కలియు చోటునకు మన పల్లెలలో గల పేరే దానికి పెట్టుట యెంత యుచితము! తెలుగు బ్లాగుల ఫీడుల నన్నిటిని ఒకచోటికి చేర్చి, క్రొత్త వ్రాతల శీర్షికలను వెలువడిన వేళనుబట్టి వరుసగా చూపుటయే దాని పనిగా నుండెను. జల్లెడ, హారం, మాలిక అనునవియు అట్టివే. అచ్చట పెద్దవాడని చిన్నవాడని లేకుండెను. అమెరికాలోని యింజనీరు వ్రాసినను, రాయలసీమలో నొక బడిపంతులు వ్రాసినను ప్రకటించిన గంటయే వరుస. ఆ కాలపు బ్లాగరులు ఒక్కొక్క వ్రాతకు 'టపా' యని పేరు పెట్టుకొనిరి. ఉత్తరములు మోయువాని సంచిలోని ఆ పాతమాట ఈ క్రొత్త వస్తువునకు అతికినట్లు మఱియొకటి అతుకదు. ఆ పేరు పెట్టినవారెవరో గాని వారికి మా నమస్కారము.

తరువాతి కాలమున జనులు ఫేస్‌బుక్కు మొదలగువానికి తరలిరి. అచ్చట ఏది ముందు చూపవలెను, ఏది చూపకుండవలెను అను నిర్ణయము చదువువానిది గాక ఆ యంత్రపు లెక్కది. వేళనుబట్టి వరుస యను నియమము పోయినది. ఫీడులు చదువుటకు లోకమున పలువురు వాడుచుండిన గూగుల్ రీడర్ అను సేవ 2005 అక్టోబరులో మొదలై 2013 జులై 1 వ తేదీతో ముగిసినది. ఫీడుల కథ ముగిసెనని అప్పుడు వ్రాసినవారు పెక్కురు. కాని ఆ సేవను వాడినవారు తమ చందాల పట్టికను ఒక చిన్న దస్త్రముగా తీసికొని మఱియొక సాధనములో పెట్టుకొనిరి. చందాలు యథాప్రకారము నడచినవి. మా తాతగారి కాలమున టపావాడు మాఱినంత మాత్రమున 'భారతి' ఆగలేదు గదా! నేడు జనులు ఫోనులలో వినుచున్న పాడ్‌కాస్టులను ప్రసంగములు గూడ వెనుక ఈ ఫీడుల ద్వారముననే వచ్చుచున్నవి. వినువారిలో ఆ సంగతి యెఱిగినవారు స్వల్పము.

ఇక మా వాడుకను గూర్చి చెప్పెదము. మా పట్టికలో ఇప్పుడు 27 ఫీడులు కలవు. తెలుగువారు 1998 నుండి అంతర్జాలమున నడుపుచున్న 'ఈమాట' పత్రిక యొకటి. తెలుగు వికీపీడియాలో మా సీమకు సంబంధించిన కొన్ని వ్యాసముల మార్పుల పట్టికలు కొన్ని. అందు ప్రతి పుటయొక్క మార్పుల చరిత్రకును ఒక ఫీడు ఉండును, కావున కుందేటిని గూర్చియో బెలుము గుహలను గూర్చియో ఎవరైన ఒక్క వాక్యము చేర్చినను మాకు తెలియును. మిగిలినవన్నియు ఒక్కొక్క మనుష్యుడు ఒంటరిగా వ్రాసికొను బ్లాగులు. దినపత్రికల ఫీడులను మేము పట్టికలో చేర్చుకొనలేదు. దినమునకు నూఱేసి శీర్షికలు వచ్చి పడిన చోట, రెండు నెలల కొకమాఱు వచ్చు టపా ఎట్లు కనబడును? వార్తలకు వార్తాపత్రిక యున్నది.

మా సహోపాధ్యాయులు, సైన్సు బోధించువారు, రెండువందలకు పైగా ఫీడులు పెట్టుకొనిరి. చదువనివాని సంఖ్య యెంతయో సాధనము పైభాగమున చూపుచుండును. ఒకనాడు చూడగా వారి సంఖ్య 1,140. "ఇది అప్పుల పద్దు వలె నున్నదయ్యా" యని వారు నవ్వుచుండిరి. మేమేమియు అనలేదు గాని, ఒక మీట నొక్కిన అన్నియు చదివినట్లే గుఱుతు పడుననియు, అందువలన ఆకాశము విఱిగి పడదనియు వారికి చూపితిమి. వారు నొక్కలేదు. నేటికిని ఆ పద్దు పెరుగుచునే యున్నది. టపా వచ్చినంత మాత్రమున చదివితీరవలెనని శాసనము లేదు. మా తాతగారును 'భారతి'లో శాసనములను గూర్చిన వ్యాసములు చదువక పుటలు త్రిప్పుచుండిరని మా అమ్మమ్మ చెప్పెడిది.

తల్లిదండ్రులతో ఒక్క మాట. ఫోనులో చేతులు మాఱి వచ్చు సందేశములకు తేదీ యుండదు, ఊరు పేరు ఉండదు. నిరుటి పరీక్షల ప్రకటన ఈ యేటిదై తిరుగును. గడువు తీఱిన ఉపకార వేతనము గడువున్నట్లు తిరుగును. ఫీడులో వచ్చు ప్రతిదానికిని ఎవరు ప్రకటించిరి, ఏనాడు, ఏ గంటకు అను మూడు సంగతులు వెంట నుండును. అందు వచ్చిన దంతయు సత్యమని మేము చెప్పము. ఎవరి మాటయో తెలియును, అంతియే. ఫీడు లేని సైటులు నేటికిని పెక్కులు కలవు. అట్టివానిని సోమవారముల మా గ్రంథాలయములో ఇద్దఱు విద్యార్థులు వంతుచొప్పున స్వయముగా పోయి చూచి, క్రొత్త ప్రకటన యున్న నల్లబల్లపై వ్రాయుచున్నారు.

బ్లాగరునకు ఫీడు చేయు సాయము వేఱు. మేము ముంగారు, హింగారులను గూర్చి వ్రాయదలచి కాగితములు సిద్ధము చేసికొనుచుండగా, ఆ వారముననే ఆ రెండు కారుల వానలను గూర్చియు, ఎఱ్ఱనేలల పైరులను గూర్చియు చక్కని టపా యొకటి మా పట్టికలో వచ్చినది. దానిని చదివి, దాని చిరునామాను మా వ్రాతలో చూపి, అందు లేని నల్లరేగడి జొన్నను గూర్చి మాత్రము మేము వ్రాసితిమి. ఆ టపా వ్రాసినవారు కర్నూలు జిల్లాలో నొక మెట్ట పల్లెకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయులు. వారి పేరు ఇచ్చట చెప్పము. కుటుంబమువారు అట్లు కోరిరి. మేము బ్లాగు మొదలిడుటకు మూడేండ్లు ముందే వారి ఫీడునకు చందా చేరితిమి. అరుదుగా వ్రాయువారని పైన చెప్పితిమే, వారిలో వీరు మొదటివారు. నెలన్నర కొకటి, ఒక్కొక్కప్పుడు రెండున్నర నెలల కొకటి. గుంటకను గూర్చి యొకటి. గొర్రును, విత్తనములు పోయు జడ్డిగమును గూర్చి యొకటి. కపిల తోలు ఎద్దులు వెనుకకు నడుచుట ఎట్లు నేర్చునో యొకటి. జొన్నలు దాచు పాతరను గూర్చి వారు వ్రాసినది మా బాలురకు తరగతిలో చదివి వినిపించితిమి. భూమిలో గొయ్యి త్రవ్వి, గడ్డి పఱచి, ధాన్యము పోసి, పైన మన్ను కప్పుదురు. తెఱచిన వెంటనే అందు దిగరాదు, లోపలి చెడుగాలికి మనుష్యుడు ఊపిరాడక పడిపోవును. దీపము దింపి, అది ఆఱకున్నప్పుడే దిగుదురు. ఇట్టివి పుస్తకములలో దొరకుట కష్టము. వారిని మేము కన్నులార చూచి యెఱుగము. రెండుమాఱులు మెయిలు వ్రాసితిమి. రెంటికిని "చిరంజీవి అయ్యవారికి" అని మొదలిడి ప్రత్యుత్తరము వ్రాసిరి.

గత మార్గశిరము తరువాత వారి టపా రాలేదు. రెండు నెలలు గడచినవి. అది వారి అలవాటే. మూడు, నాలుగు గడచినవి. ఫీడుతో నున్న లోపము ఇదియే. క్రొత్తది యున్న చెప్పును. ఎందుకు లేదో చెప్పదు. మెయిలు వ్రాసితిమి, జవాబు లేదు. వైశాఖమున సాధనము ఆ ఫీడు చిరునామాయే దొరకుట లేదని ఎఱ్ఱ గుఱుతు చూపినది. సైటునకు పోయి చూడగా ఆ పేరున ఏమియు లేదు. జ్యేష్ఠమాసమున వారి కుమార్తెగారు బెంగళూరు నుండి వ్రాసిరి. తండ్రిగారు ఉగాదికి ముందే కాలము చేసిరనియు, వారి పెట్టెలో నున్న మా యుత్తరములను ఇప్పుడే చూచితిననియు, సైటునకు ఏటేటా కట్టవలసిన సొమ్ము ఆ దుఃఖములో ఎవరికిని స్ఫురింపక గడువు తీఱి అది మూతపడెననియు అందు గలదు. కడపటి వాక్యము ఇది: "అయ్యవారూ, నాన్నగారి వ్రాతలు మీయొద్ద ఏమైన మిగిలియున్నవా?"

ఉన్నవి. మా చదువు సాధనము తెచ్చినదానిని మా కంప్యూటరులోనే దాచియుంచు రకము. లెక్కింపగా 41 టపాలు తేలినవి. మేము చందా చేరిననాడు జాబితాలో నున్న పది, పిమ్మట వచ్చినవి ముప్పదియొకటి. అవన్నియు పూర్తి పాఠముతో నున్నవి. ఏలయన వారు తమ ఫీడులో సారాంశమును గాక వ్రాత నంతయు పంపుచుండిరి. ఈ ఏర్పాటును గూర్చి క్రొత్త బ్లాగరులకు మేము గట్టిగా చెప్పుచున్నాము. చదువరులు తమ సైటునకే రావలెనను కోరికతో కొందఱు ఫీడులో రెండు పంక్తులు మాత్రము ఇచ్చి "తరువాయి సైటులో" అని ఆపుదురు. మా పట్టికలో అట్టి బ్లాగు లొక మూడు మూతపడినవి. వాని విషయమున మాయొద్ద మిగిలినది రెండేసి పంక్తులు. పెండ్లి విందునకు పిలిచి విస్తరి చూపి పంపినట్లున్నది. మా బ్లాగు ఫీడు మొదటినుండియు పూర్తి పాఠము. ఎన్ని ఇండ్లలో ప్రతులు నిలిచిన అంత మేలు.

ప్రతులు తీసి యుంచుట కడపవారికి క్రొత్త గాదు. 1820 లో కడపకు ఉద్యోగమునకై వచ్చిన సి.పి. బ్రౌను దొర అచ్చట నొక బంగళా కొని, పండితులకు జీతములిచ్చి, తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. మూలములు చెదలుపట్టి పోయినను ఆ ప్రతులవలన నిలిచిన కావ్యములు కలవు. ఆ బంగళా యున్న స్థలముననే నేడు ఆయన పేరిట గ్రంథాలయము నడచుచున్నది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దానికొఱకు ఎంత తిరిగిరో కడపలో నెవరి నడిగినను చెప్పుదురు. గత దసరా సెలవులలో మా బాలురను అచ్చటికి తీసికొనిపోయినప్పుడు, పాత వ్రాతప్రతులను గూర్చి విని, ఒకడు "ఇదియు ఫీడు వంటిదే గదా, అయ్యవారూ" అనెను. పూర్తిగా కాదు. బ్రౌను దొర పోయి వెదకించెను. మనకు వచ్చి పడుచున్నది. అయినను వాని మాట కొట్టివేయలేదు.

ఆ 41 టపాలను అచ్చువేసి కుట్టించి వారి కుమార్తెగారికి పంపితిమి. బొమ్మలు మాత్రము లేవు. ఫీడు బొమ్మను మోయదు, బొమ్మ యున్న చిరునామాను మాత్రము మోయును. సైటుతోపాటు బొమ్మలును పోయినవి. మేము చందా చేరకముందు రెండేండ్లు వారు వ్రాసినవియు మాయొద్ద లేవు. 1996 లో నెలకొల్పబడి, లోకములోని సైటుల పుటలకు ప్రతులు తీసి దాచుచున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థవారి భాండారములో వెదకితిమి. ఆ పాత టపాలలో నాలుగు అందు దొరకినవి. తక్కినవానిని గూర్చి ఆశ విడిచియుండగా, గత భాద్రపదమున కుమార్తెగారు మూడు రూళ్ల పుస్తకములు రిజిష్టరు టపాలో పంపిరి. తండ్రిగారు మొదట కాగితముపై వ్రాసికొని పిమ్మట కంప్యూటరులో ఎక్కించుకొనుచుండిరట. గొర్రు, మడక, కపిల బొమ్మలు పెన్సిలుతో గీసినవి అందు కలవు.

కుటుంబమువారి యనుమతితో తొమ్మిదవ తరగతి బాలబాలికలు ఆ పుస్తకములను చూచి వ్రాసి యెక్కించుచున్నారు. వారికని మా బ్లాగులో వేఱొక విభాగము తెఱచితిమి. దానికి ప్రత్యేకముగా ఫీడు కలదు. శనివారమున కొకటి చొప్పున ఇప్పటికి ఆఱు టపాలు వెళ్లినవి. ఏడవది జడ్డిగపు భాగములను గూర్చినది. అందు ఒక మాట 'స' తో మొదలగుచున్నది. తక్కిన యక్షరములు సిరా కరిగి అలికినట్లున్నవి. కుమార్తెగారికి తెలియదు. రెండు పల్లెలలో పెద్దల నడుగగా రెండు వేఱు మాటలు చెప్పిరి. బాలురు ఏదో యొకటి వేయుదమనిరి, మేము ఒప్పుకొనలేదు. ఆ మాటకు బదులు చుక్కలు పెట్టి, ప్రక్కన ఆ పంక్తి యొక్క ఛాయాచిత్రము నుంచి, వచ్చు శనివారము పంపుచున్నాము.